తక్కువ ధర డిజిటల్ థర్మోకపుల్ ఉష్ణమాపకం: ఎంపిక, పరీక్ష విధానం (నౌపడ తీర ప్రాంత పరిస్థితులకు అన్వయం)

సారాంశం

విత్తన శుద్ధి, ధాన్యం నిల్వ, కంపోస్టు తయారీ, నేల ఉష్ణోగ్రత పరిశీలన వంటి పనుల్లో తక్కువ ధర డిజిటల్ థర్మోకపుల్ ఉష్ణమాపకాల వాడకం పెరుగుతోంది. వీటిని కొనేటప్పుడు ధరను, తెరపై కనిపించే దశాంశాన్ని చూస్తున్నాము గాని, చేయవలసిన పని ఎంత దోషాన్ని సహించగలదో చూడడం లేదు. పనిని బట్టి పరికరాన్ని ఎంచుకోవడం, మంచు, మరిగే నీరు, జ్వరమాని వంటి అందుబాటు ప్రమాణాలతో దానిని పరీక్షించడం, ఉప్పు గాలి, తేమ, తీవ్రమైన ఎండ ఉండే నౌపడ వంటి తీర ప్రాంతాల్లో తలెత్తే ప్రత్యేక దోషాలను గుర్తించడం ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ప్రస్తావన

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ పేరు చెప్పగానే ఉప్పు మడులు గుర్తుకు వస్తాయి. ఆ మడుల పక్కనే వరి పొలాలు, కొంత దూరాన ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఉన్నాయి. ఉప్పు రైతు హైడ్రోమీటరుతో ఉప్పు నీటి సాంద్రతను చూస్తాడు. వరి విత్తన రైతు ఆరబెట్టే యంత్రంలోని వేడిని చూస్తాడు. ఇద్దరికీ ఉష్ణోగ్రత తెలియాలి. కాని ఒకే పరికరం ఒకే దోషంతో ఇద్దరి చేతిలోనూ ఉన్నప్పుడు ఫలితం ఒకటి కాదు.

బోమే కొలమానంలో సుమారు 25 డిగ్రీల వద్ద ఉప్పు స్ఫటికీకరణ మొదలవుతుంది. 29, 30 డిగ్రీలకు చేరిన ద్రవాన్ని మెగ్నీషియం లవణాలు ఉప్పులో కలవకుండా బయటకు పంపుతారు. 15.6 డిగ్రీల సెల్సియస్ వద్ద గుర్తులు వేసిన హైడ్రోమీటరును 36 డిగ్రీల ఉప్పు నీటిలో ఉంచితే అది అసలు విలువ కంటే సుమారు 1 బోమే డిగ్రీ తక్కువ చూపుతుంది. కనుక ఉష్ణోగ్రతను బట్టి సవరణ అవసరమే. అయితే ఆ ఉష్ణోగ్రతను కొలవడంలో 3 డిగ్రీల తప్పు జరిగినా, సాంద్రతలో వచ్చే తేడా 0.15 బోమే డిగ్రీ మాత్రమే. మడి గట్టున నిలబడి ఆ తేడాను చదవడం కూడా కష్టం.

వరి విత్తనం విషయం వేరు. విత్తనం కోసం ఉంచిన ధాన్యం ఉష్ణోగ్రత ఆరబెట్టేటప్పుడు 43 డిగ్రీలు దాటరాదన్నది స్థిరపడిన నియమం. తేమ ఎక్కువగా ఉన్న గింజకు వేడి వల్ల కలిగే హాని ఇంకా ఎక్కువ. ఇక్కడ 3 డిగ్రీల తప్పు మొలక శాతాన్ని దెబ్బ తీస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక విత్తన కేంద్రంలో మేమే ఈ తప్పు చేశాము. చల్లని వాహనంలోంచి అప్పుడే తీసిన మీటరును ఆరబెట్టే యంత్రం పక్కన పెట్టి, తెరపై 41 కనిపించగానే నిశ్చింతగా ఉన్నాము. అరగంట తరువాత గాజు ఉష్ణమాపకంతో సరిచూస్తే ధాన్యం వేడి 44 దాటి ఉంది. ఆ కుప్పను విత్తనానికి పనికిరానిదిగా పక్కన పెట్టవలసి వచ్చింది. పరికరం చెడిపోలేదు. దానిని పరీక్షించకుండా, అది పనిచేసే తీరు గమనించకుండా నమ్మడమే పొరపాటు. ఆ పొరపాటుకు కారణం ఏమిటో తరువాత వివరిస్తాను.

పని ఎంత దోషాన్ని సహిస్తుంది?

పరికరం కొనడానికి ముందే ఈ ప్రశ్నకు సమాధానం రాసుకోవాలి. మన ప్రాంతంలో సాధారణంగా ఎదురయ్యే పనులను ఈ విధంగా వర్గీకరించవచ్చు. ఇందులోని దోష పరిమితులు పని అవసరాన్ని బట్టి నేను సూచిస్తున్నవి.

1. ఉప్పు నీటి సాంద్రత సవరణ: 3 డిగ్రీల వరకు దోషం ఉన్నా ఇబ్బంది లేదు.

2. కంపోస్టు: కలుపు విత్తనాలు, రోగకారక సూక్ష్మజీవులు నశించాలంటే కుప్ప లోపల 55 డిగ్రీలు లేదా అంతకు పైన వేడి కనీసం మూడు రోజులు నిలవాలి. కుప్పను తిరగవేసే పద్ధతిలో ఇంకా ఎక్కువ రోజులు కావాలి. వానపాములను వదిలేటప్పుడు వేడి 35 డిగ్రీల కంటే తగ్గి ఉండాలి. 2 డిగ్రీల దోషాన్ని సహించవచ్చు. అయితే ఆ మేరకు జాగ్రత్త పాటించి, 57 చూపినప్పుడే 55 వచ్చినట్లు లెక్కించాలి.

3. నిల్వ ధాన్యం: బస్తాల నెట్టు లోపలి వేడి బయటి గాలి కంటే రోజురోజుకు పెరుగుతుంటే పురుగో, బూజో మొదలైనట్లు అనుమానించాలి. ఇక్కడ ముఖ్యమైనది తేడా. ఒకే పరికరంతో రెండు చోట్లా కొలిస్తే దాని స్థిరమైన దోషం తీసివేతలో చాలావరకు పోతుంది.

4. నేల ఉష్ణోగ్రత: 5, 10, 20 సెంటీమీటర్ల లోతుల్లో తీసే కొలతలకు 1 డిగ్రీ లోపు దోషం ఉండాలి.

5. విత్తన ధాన్యం ఆరబెట్టడం: 1 డిగ్రీ లోపు.

6. చెరకు విత్తన ముచ్చెల ఉష్ణ చికిత్స: కార్శి తోటలు గిడసబారే తెగులు నివారణకు 50 డిగ్రీల వేడి నీటిలో 2 గంటలు, గడ్డిదుబ్బు తెగులుకు తేమతో కూడిన 54 డిగ్రీల వేడిగాలిలో 4 గంటలు ఉంచడం అమలులో ఉన్న పద్ధతులు. వేడి తగ్గితే తెగులు మిగులుతుంది, పెరిగితే కన్ను చస్తుంది. ఇక్కడ అర డిగ్రీ మించిన దోషాన్ని అనుమతించరాదు.

మొదటి మూడు పనులకు చౌక పరికరం చాలు. చివరి మూడింటికి చౌక పరికరం పనికిరాదని కాదు, పరీక్షించని చౌక పరికరం పనికిరాదు.

థర్మోకపుల్ దేనిని కొలుస్తుంది?

రెండు వేర్వేరు లోహపు తీగల చివరలను కలిపి, ఆ సంధిని వేడి చేస్తే తీగల రెండవ చివరల మధ్య స్వల్ప వోల్టేజి ఏర్పడుతుంది. 1821లో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ గమనించిన ఈ ధర్మమే థర్మోకపుల్, అనగా ఉష్ణయుగ్మం, పనితీరుకు ఆధారం. కె రకంలో క్రోమెల్, అల్యూమెల్ తీగలు, టి రకంలో రాగి, కాన్‌స్టాంటన్, జె రకంలో ఇనుము, కాన్‌స్టాంటన్ ఉంటాయి. కె రకం ఒక్క డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు మాత్రమే. 0, 100 డిగ్రీల మధ్య మొత్తం తేడా 4.096 మిల్లీవోల్టులు.

ఇక్కడ తరచుగా మరచిపోయే విషయం ఒకటి ఉంది. థర్మోకపుల్ కొలిచేది మొన ఉష్ణోగ్రతను కాదు, మొనకూ మీటరులోని ప్లగ్గుకూ మధ్య గల ఉష్ణోగ్రతా వ్యత్యాసాన్ని. ప్లగ్గు వద్ద ఉన్న ఈ రెండవ చివరను శీతల సంధి అంటారు. మీటరు లోపల ఉన్న చిన్న సంవేదకం శీతల సంధి ఉష్ణోగ్రతను అంచనా వేసి, దానిని వ్యత్యాసానికి కలిపి తెరపై చూపుతుంది. కనుక మొన ఎంత మంచిదైనా మీటరు తన ఉష్ణోగ్రతను తాను తప్పుగా అంచనా వేస్తే ఫలితం అంత మేరకు తప్పుతుంది.

ఎంపిక

మార్కెట్లో తక్కువ ధరకు దొరికే చేతి మీటర్లలో అధిక భాగం కె రకానివి. వెయ్యి డిగ్రీలకు పైగా కొలవగల ఈ రకం బట్టీలకు ఎంతో ఉపయోగం. కాని మన పనులన్నీ 0 నుంచి 100 డిగ్రీల మధ్యనే జరుగుతాయి. ఈ పరిధిలో అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రెండవ తరగతి కె రకం తీగకు 2.5 డిగ్రీలు, మొదటి తరగతికి 1.5 డిగ్రీలు అటూఇటూ దోషం అనుమతించబడింది. టి రకంలో ఇవి వరుసగా 1.0, 0.5 డిగ్రీలు. అందువల్ల విత్తన సంబంధ పనులకు మొదటి తరగతి టి రకం ప్రోబు, దానిని స్వీకరించే మీటరు ఎంచుకోవడం మేలు. జె రకంలోని ఇనుప తీగ తీర ప్రాంతపు గాలికి త్వరగా తుప్పు పడుతుంది కనుక నౌపడ వంటి చోట్ల దానిని వదిలివేయాలి.

పెట్టెపై రాసిన ఖచ్చితత్వం సాధారణంగా మీటరుకు సంబంధించినదే, ప్రోబుది అందులో కలవదు. మీటరుకు 1 డిగ్రీ, ప్రోబుకు 2.5 డిగ్రీలు దోషం ఉండవచ్చునంటే, రెండూ ఒకే వైపు కలిసినప్పుడు తెరపై 43.0 అని కనిపించినా అసలు వేడి 39.5 నుంచి 46.5 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఆ చివరి సున్నా తెర ఎంత సన్నని తేడాను చూపగలదో చెబుతుంది గాని, చూపినది ఎంత నిజమో చెప్పదు.

కొనే చోటనే మూడు చిన్న పరీక్షలు చేయవచ్చు.

మొదటిది, ప్రోబు తీసివేసి మీటరు రెండు ప్రవేశ ద్వారాలను చిన్న రాగి తీగతో కలపాలి. అప్పుడు వ్యత్యాసం సున్నా కనుక మీటరు తన శీతల సంధి ఉష్ణోగ్రతను, అంటే సుమారుగా గది ఉష్ణోగ్రతను చూపాలి. గదిలోని నమ్మకమైన ఉష్ణమాపకంతో పోల్చితే శీతల సంధి అంచనా ఎలా ఉందో తెలుస్తుంది.

రెండవది, తీగ రకాన్ని అయస్కాంతంతో గుర్తించాలి. కె రకంలో అల్యూమెల్ తీగ అయస్కాంతానికి అంటుకుంటుంది. టి రకంలో ఏ తీగా అంటుకోదు.

మూడవది, మొనను వేళ్ల మధ్య పట్టుకుంటే విలువ పెరగాలి. తగ్గితే తీగలు తారుమారైనట్లే. అమెరికా పద్ధతి రంగుల్లో ఎర్ర తీగ రుణ ధ్రువం. మన విద్యుత్ పనివారికి ఎరుపు అంటే ధన ధ్రువమన్న అలవాటు ఉండడం వల్ల ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

ప్రోబు విషయంలో, మీటరుతో ఉచితంగా వచ్చే గాజునూలు అల్లిక తీగను తడి నేలలోను, ఉప్పు నీటిలోను వాడరాదు. అల్లికలోకి ఉప్పు తేమ చేరితే రెండు వేర్వేరు లోహాలు, ఉప్పు నీరు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. డిగ్రీకి 41 మైక్రోవోల్టులను చదివే పరికరానికి ఆ బ్యాటరీ ఇచ్చే ఒక మిల్లీవోల్టు కూడా 24 డిగ్రీల తప్పుతో సమానం. మొన వరకు పూర్తిగా మూసిన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ప్రోబు తీసుకోవాలి. ఉప్పును తట్టుకోవడంలో 304 కంటే 316 రకం స్టీలు మెరుగు.

పరీక్ష విధానం

(అ) మంచు బిందువు. శుద్ధి చేసిన నీటితో ఇంటి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన మంచును మెత్తగా నలగగొట్టి థర్మాస్ ఫ్లాస్కులో అడుగు వరకు కూరాలి. సందులు నిండేంత వరకు మాత్రమే చల్లని శుద్ధ నీరు పోయాలి. మంచు తేలిపోయేంత నీరు ఉంటే అడుగున 4 డిగ్రీల వరకు వెచ్చని నీరు నిలుస్తుంది. ప్రోబును మధ్యలో 8 నుంచి 10 సెంటీమీటర్లు దించి, ఐదు నిమిషాల తరువాత రెండేసి నిమిషాల వ్యవధితో మూడు విలువలు నమోదు చేయాలి. అసలు విలువ 0 డిగ్రీలు.

తీర గ్రామాల్లో మంచు సులభంగా దొరికేది చేపల రేవుల వద్దనే. భావనపాడు వంటి రేవుల్లో చేపలపై వేసిన మంచును ఈ పరీక్షకు వాడరాదు. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల వద్ద గడ్డ కడుతుంది. ఉప్పు తగిలిన మంచు ఉష్ణోగ్రత సున్నా కంటే తగ్గుతుంది, ఎంత తగ్గిందో మనకు తెలియదు. అప్పుడు సరైన పరికరాన్ని తప్పుగా దిద్దుతాము.

(ఆ) జ్వరమాని. మందుల దుకాణాల్లో దొరికే డిజిటల్ జ్వరమాని 37 నుంచి 42 డిగ్రీల మధ్య సాధారణంగా 0.1 డిగ్రీ ఖచ్చితత్వంతో పనిచేస్తుంది. విత్తన ధాన్యానికి కీలకమైన 43 డిగ్రీలకు ఇంత చేరువలో ఇంత చౌకగా లభించే ప్రమాణం మరొకటి లేదు. ఫ్లాస్కులో సుమారు 41 డిగ్రీల నీరు తీసుకుని, ప్రోబు మొన, జ్వరమాని మొన ఒకదాని పక్కన ఒకటి ఉండేలా దారంతో కట్టి, నెమ్మదిగా కలుపుతూ మూడు నిమిషాలు ఉంచాలి. కొన్ని జ్వరమానులు ముందస్తు అంచనాతో శబ్దం చేస్తాయి. శబ్దం విన్న వెంటనే తీయరాదు.

(ఇ) మరిగే నీరు. నౌపడ దాదాపు సముద్ర మట్టంలో ఉంది కనుక ఇక్కడ నీరు 100 డిగ్రీలకు అతి దగ్గరగా మరుగుతుంది. గాలి పీడనం 1013 హెక్టోపాస్కళ్ల నుంచి తగ్గే ప్రతి 10 హెక్టోపాస్కళ్లకు మరిగే బిందువు సుమారు 0.28 డిగ్రీలు తగ్గుతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ వంటి తుఫాను సమయాల్లో పీడనం 980 హెక్టోపాస్కళ్లకు పడిపోతే నీరు 99 డిగ్రీల వద్దనే మరుగుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయలో మామూలు రోజున కూడా ఇది 97 డిగ్రీలే. కనుక పరీక్ష రోజు పీడనాన్ని వాతావరణ కేంద్రం నుంచి తెలుసుకోవాలి. ఆ విలువ సముద్ర మట్టానికి సవరించినదైతే ఎత్తైన ప్రాంతాల్లో నేరుగా వాడరాదు. ఉప్పు కలిసిన బావి నీరు వాడరాదు. సముద్రపు నీటిలోని ఉప్పు మరిగే బిందువును సుమారు అర డిగ్రీ పెంచుతుంది. మొనను నీటిలో ముంచడం కంటే, మూత పెట్టిన పాత్రలో నీటికి పైన ఆవిరిలో ఉంచడం మంచిది.

(ఈ) 50 నుంచి 55 డిగ్రీల మధ్య. చెరకు ఉష్ణ చికిత్సకు పై మూడు పరీక్షలు చాలవు. జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాలతో అనుసంధానమై, జాతీయ గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన ధ్రువపత్రంతో ఉన్న ఒక ఉష్ణమాపకాన్ని ప్రతి కేంద్రమూ కలిగి ఉండాలి. దానిని పొలానికి తీసుకువెళ్లరాదు. మిగిలిన చౌక పరికరాలన్నింటినీ దానితో పోల్చి చూడాలి. పది మంచి మీటర్లు కొనే ఖర్చు లేనప్పుడు ఒక ప్రామాణిక ఉష్ణమాపకం, పది చౌక మీటర్లు అనే పద్ధతి ఆచరణ సాధ్యం.

సవరణ లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. మంచులో మీటరు 1.0 చూపింది. అసలు విలువ 99.8గా లెక్క తేలిన ఆవిరిలో 101.8 చూపింది. అంటే సున్నా వద్ద 1 డిగ్రీ, వంద దగ్గర 2 డిగ్రీలు ఎక్కువ చూపుతోంది. ఈ రెండింటి మధ్య దోషం సమంగా పెరుగుతుందనుకుంటే 43 డిగ్రీల వద్ద సుమారు 1.4 ఎక్కువ చూపాలి. కనుక తెరపై 44.4 కనిపించినప్పుడు అసలు వేడి 43. జ్వరమాని పరీక్ష ఈ లెక్కను సమర్థించాలి. అక్కడ అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా వస్తే ఈ లెక్కను నమ్మక, పరీక్షలను మళ్లీ చేయాలి. రెండవసారీ అంతే వస్తే ఆ మీటరును విత్తన పనులకు వాడరాదు. సవరణ ఒక జతకు మాత్రమే చెల్లుతుంది. ప్రోబు మార్చితే పరీక్ష మళ్లీ చేయాలి.

క్షేత్రంలో తలెత్తే దోషాలు

ప్రయోగశాలలో నెగ్గిన పరికరం పొలంలో తప్పవచ్చు. మొదట చెప్పిన మా అనుభవానికి కారణం శీతల సంధే. చల్లని వాహనంలోంచి తీసిన మీటరును వేడి గాలిలో ఉంచగానే ప్లగ్గు లోహం త్వరగా వేడెక్కింది. ప్లాస్టిక్ పెట్టె లోపలి సంవేదకం మాత్రం ఇంకా చల్లగానే ఉంది. శీతల సంధి అసలు ఉన్నదానికంటే చల్లగా ఉందని మీటరు భావించి, తక్కువ విలువ చూపింది. విత్తనానికి ఇది ప్రమాదకరమైన వైపు తప్పడం. దీనిని ముందే పరీక్షించవచ్చు. మొనను మంచు ఫ్లాస్కులోనే ఉంచి, మీటరును నీడ నుంచి ఎండలోకి మార్చి, విలువ ఎంత కదిలిందో, ఎంత సేపటికి తిరిగి సున్నాకు చేరిందో గడియారంతో చూడాలి. మీటరును పని చోట నీడలో అరగంట ఉంచిన తరువాతే కొలవడం సురక్షితం.

రెండవ దోషం తీగ పొడిగింపు. కంపోస్టు కుప్పకు తీగ చాలక మామూలు రాగి తీగను అతికించడం చూస్తుంటాము. మొన వద్ద 60, అతుకు వద్ద 40, మీటరు వద్ద 30 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. మీటరుకు చేరేది మొనకూ అతుకుకూ మధ్య గల 20 డిగ్రీల వ్యత్యాసమే. దానికి తన 30 కలిపి 50 అని చూపుతుంది. 60 డిగ్రీలకు చేరిన మంచి కుప్పను పనికిరాదని మళ్లీ తిరగవేస్తాము. పొడిగించవలసి వస్తే అదే రకం పొడిగింపు తీగను, అదే రకం ప్లగ్గును వాడాలి.

మూడవది లోతు. లోహపు గొట్టం బయటి వేడిని మొన వరకు మోసుకువస్తుంది. గొట్టం వ్యాసానికి కనీసం 15 నుంచి 20 రెట్ల లోతు లోపల ఉండాలి. నేల పైపొరలో 5 సెంటీమీటర్ల వద్ద కొలిచేటప్పుడు ప్రోబును నిలువుగా గుచ్చక, చిన్న గుంట తీసి దాని గోడలోకి అడ్డంగా గుచ్చి, గుంటను పూడ్చి, ఉష్ణోగ్రత నిలకడగా మారిన తరువాత చదవాలి.

నాల్గవది ఉప్పు. ఉప్పు మడుల వద్ద వాడిన ప్రతిసారి ప్రోబును మంచినీటితో కడిగి తుడవాలి. ప్లగ్గు పిన్నులపై పొర కనిపిస్తే ఆరిన మెత్తని గుడ్డతో శుభ్రం చేయాలి. మీటరును మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో భద్రపరచాలి.

ముగింపు

పరీక్ష పూర్తయిన ప్రతి మీటరు వెనుక ఒక చీటీ అంటించాలి: పరీక్షించిన తేదీ, జతగా ఉన్న ప్రోబు గుర్తు, 0, 41, 100 డిగ్రీల వద్ద చేయవలసిన సవరణ, ఏ పనికి అనుమతించినదీ. ప్రతి ఖరీఫ్‌కు ముందు, మీటరు కింద పడినా తడిసినా వెంటనే, మంచు పరీక్ష మళ్లీ చేయాలి. దీనికి పట్టేది పావుగంట, కావలసినది ఒక ఫ్లాస్కు, కొంత మంచు.

క్షేత్ర సందర్శనలో మనం పలికిన ఉష్ణోగ్రతను రైతు తిరిగి కొలిచి చూడడు. విశ్వవిద్యాలయం వారు చెప్పారన్న నమ్మకంతో యంత్రాన్ని కొనసాగిస్తాడు లేదా ఆపివేస్తాడు. ఆ అంకె తప్పయితే నష్టపోయేది అతని విత్తనం. అందువల్ల పరికరం ధర ఎంత తక్కువైనా, చీటీ లేని మీటరు విలువను నివేదికలో నమోదు చేయరాదని, రైతుకు సలహాగా చెప్పరాదని ప్రతి కేంద్రమూ నియమంగా పాటించడం అవసరం.